చూసినంతే చెప్పిన మనిషి

నిన్న మధ్యాహ్నం నేను పనిచేసే మా ఊరి గ్రంథాలయంలో కిటికీ అద్దాలు అదిరాయి. ముందు అద్దాలు, ఆ వెంటనే ఇనుప బీరువా తలుపు, ఆఖరికి నా బల్ల మీది స్టీలు గ్లాసు. దొరవారిసత్రంలో పుట్టి పెరిగినవాళ్ళు ఈ చప్పుడుకి ఉలిక్కిపడరు. శ్రీహరికోటలో రాకెట్టు లేచిందని తెలుసు. పేపర్లు చదువుకుంటున్నవాళ్ళు బయటికి వెళ్ళి, కాసేపటికి తిరిగి వచ్చి, ఎవరికి వాళ్ళు చెప్పడం మొదలుపెట్టారు. ఒకాయన అది మబ్బులో దూరేదాకా చూశానన్నాడు. మబ్బు ఎక్కడుందని ఇంకొకాయన అడిగాడు. వాకిట్లో చెప్పులు వెతుక్కుంటూనే ఉండిపోయిన పెద్దాయన కూడా మంట రంగు ఎలా ఉందో చెప్పాడు. ఎస్తేరమ్మ టీచరు ఉండి ఉంటే, "నేను చూడలేదు. అద్దాలు అదిరినాయి, నాకు తెలిసింది అంతే" అని ఉండేవారు. మా పక్కింట్లో ఉండేవారు ఆమె. పోయి ఇది రెండో నెల. ఆమెను ఎరగనివాళ్ళ కోసం ఇది రాస్తున్నాను.

మా చర్చి సంఘంలో ఎవరైనా పోతే, సమాధి చేసిన కొన్నాళ్ళకు ఆ ఇంట్లో ఆదరణ కూడిక పెడతారు. పాటలు, ప్రార్థన, వాక్యం అయ్యాక ఒకరు లేచి పోయిన మనిషి జీవిత చరిత్ర చెప్పాలి. చాలా చోట్ల ఇంటివాళ్ళే కాగితం మీద రాసి ఎవరిచేతనో చదివిస్తారు. అలా చదివేవాటిలో పోయినవాళ్ళందరూ ఒకే మనిషిలా ఉంటారు. చిన్నప్పటినుంచి భక్తి, పెద్దలంటే గౌరవం, ఇంటికి వచ్చినవాళ్ళకి లేదనకుండా అన్నం పెట్టే గుణం. పేరు తీసేస్తే అది ఎవరి చరిత్రో పోల్చుకోలేం. మా ఊళ్ళో మాత్రం ఈ పని ఎస్తేరమ్మ టీచరుది. ప్రాథమిక పాఠశాలలో పనిచేసి రిటైరయ్యారు. చిన్న వయసులోనే భర్త జ్వరంతో పోయాడు, ఒంటరిగా ఉండేవారు. ఎవరైనా పోయినప్పుడు ఆ ఇంటికి వెళ్ళి ఒక్కొక్కరి పక్కన కూర్చుని మాట్లాడేవారు. ముందుగా అడిగేది ఎప్పుడూ ఒకటే, ఈ మనిషితో ఎవరికి పడేది కాదని. పొగిడేవాళ్ళు పైపైన చూసి ఉంటారని, తగువు పడినవాళ్ళకి మాత్రం మాటా, చూపూ, ఆ రోజు కట్టుకున్న గుడ్డతో సహా గుర్తుంటాయని ఆమె నమ్మకం.

ఇది నాకు మా నాయన పోయినప్పుడు తెలిసింది. ఆయన బస్సు కండక్టరు. బయట అందరితో నవ్వుతూ ఉండేవాడు, ఇంట్లో మాట తక్కువ, కోపం ఎక్కువ. ఇంటరు అయ్యాక నేను డిగ్రీకి నెల్లూరు పోతానంటే వద్దన్నాడు. నేను పట్టుబట్టాను. ఆ ఎండాకాలమంతా మేమిద్దరం ఒకే కప్పు కింద ఉండి మాట్లాడుకోలేదు. చివరికి కాలేజీలో చేర్చాడు. రెండో సంవత్సరంలో ఉండగా గుండెపోటుతో పోయాడు. ఇంటికి వచ్చినవాళ్ళందరూ ఆయన్ని దేవదూతలాగా చెబుతుంటే నాకు ఏడుపు రాలేదు. ఎవరి గురించో వింటున్నట్టు ఉండేది. టీచరు వచ్చి నన్ను పెరట్లోకి తీసుకెళ్ళి, మీ నాయనతో నీకు తగువు ఎక్కడొచ్చిందని అడిగారు. నేను చెప్పాను. సంఘంలో చెప్పమంటావా అని అడిగారు. చెప్పండి అన్నాను. ఎందుకు అన్నానో ఇప్పటికీ తెలియదు.

కూడికలో ఆమె ఆయన ఉద్యోగం గురించి, పాటలు పాడే గొంతు గురించి చెప్పి, అదే మామూలు గొంతుతో ఇలా అన్నారు. "ఈయన ఒక ఎండాకాలం కూతురితో మాట్లాడలేదు. కూతురు కూడా మాట్లాడలేదు. ముందు ఎవరు మాట్లాడినారని అడిగినాను. నాయనే అని కూతురు చెప్పింది. కాదు, కూతురే అని వాళ్ళమ్మ చెప్పింది. నేను అక్కడ లేను. రెండూ మీకు చెప్తున్నాను."

మా బాబాయి లేచి నిలబడ్డాడు. చచ్చిపోయినోడి మీద తగువులు చెప్పేదానికా మిమ్మల్ని పిలిచింది అన్నాడు. టీచరు ఆయన వైపు తిరిగి, "తగువు పడేంత దగ్గరోళ్ళు ఆయనకి ఉన్నారని చెప్పినానయ్యా. అందరికీ ఉండరు" అన్నారు. బాబాయి కూర్చున్నాడు. నాకు అప్పుడు ఏడుపు వచ్చింది. అన్ని రోజుల్లో మొదటిసారి, వాళ్ళు మాట్లాడుతున్నది మా నాయన గురించేనని అనిపించింది.

ఆ తర్వాత ఆమె ఎక్కడికైనా వెళ్తుంటే నేనూ వెంట వెళ్ళేదాన్ని. ఆమె మోకాళ్ళ నొప్పికి తోడు కావాలనేది పైకి చెప్పుకున్న కారణం. నాకు ఆమె అడిగే తీరు నచ్చేది. "మీ అత్త మంచిదేనా?" అని అడిగేవారు కారు. అలా అడిగితే మంచిదే అంటారు. "మీ అత్త అన్నం తినేటప్పుడు ఎక్కడ కూర్చునేది?" అని అడిగేవారు. ఎదుటివాళ్ళు తమకు తోచింది చెబుతుంటే వింటూనే, మెల్లగా వాళ్ళు చూసిన దగ్గరికి తీసుకొచ్చేవారు. చూసింది దొరికాక ఇక ఎక్కువ మాట్లాడేవారు కారు.

పులికాట్ సరస్సు ఒడ్డున ఉండే దావీదయ్య పోయినప్పటి సంగతి మా వైపు ఇప్పటికీ చెప్పుకుంటారు. పడవ బోల్తా పడితే సరస్సులో ఈదుకుంటూ ఒడ్డు చేరానని ఆయన జీవితమంతా చెప్పాడు. ఆ రోజు అదే పడవలో ఉన్న స్నేహితుణ్ణి టీచరు వెతికి పట్టుకున్నారు. ఆయనకూ దావీదయ్యకూ ఏదో వల విషయంలో మాటలు లేవు. "ఈత ఏందమ్మా, మోకాటి లోతు నీళ్ళు. ఇద్దరం నడిచొచ్చినాం. వాడి లుంగీ కూడా సగమే తడిసింది" అన్నాడాయన. కూడికలో టీచరు ఏం చెబుతారోనని నేను భయపడ్డాను. ఆమె ఇద్దరి మాటా చెప్పారు. చెప్పి, "నీళ్ళు ఎంత లోతో నాకు తెలియదు. దావీదయ్య చెప్పేటప్పుడు మాత్రం ఏటేటా లోతు పెరగతా వచ్చింది. మనకందరికీ అది వినడం ఇష్టం, అందుకే ఆయన పెంచినాడు" అన్నారు. ముందుగా నవ్వింది ఆయన భార్య. కొంగు నోటికి అడ్డం పెట్టుకుని నవ్వుతూ, ఆ నవ్వులోనే ఏడ్చింది.

ఇంకొక ఇంట్లో ఒక ముసలామెకు చివరి గంజి తాపింది తనేనని కూతురు, తనేనని కోడలు. ఇద్దరూ ఒట్టు పెట్టుకునేదాకా వచ్చారు. దారిలో నేను, ఇందులో ఒకరు అబద్ధం చెబుతున్నారు కదా అన్నాను. అబద్ధం అనుకుని చెప్పే అబద్ధాలు లోకంలో తక్కువని ఆమె అన్నారు. మనసు తనకి కావలసిన చోట నిలబడి చూస్తుందట. "ఇద్దరిలో ఒకరి చేతిని తీసెయ్యడానికి నేనెవర్ని?" అన్నారు. అప్పటికి నేను చాలా పుస్తకాలు చదివాను. కథ చెప్పేవాణ్ణి ఎంతవరకు నమ్మాలి అనే చర్చ వాటిలో చాలా ఉంటుంది. ఆమె దగ్గర నేను నేర్చుకున్నది దానికి కాస్త ఇవతలి విషయం. చెప్పేవాణ్ణి నమ్మకపోయినా ప్రేమగా వినవచ్చు. విన్నదాన్ని, ఎవరు చెప్పారో చెప్పి, ఇంకొకరికి అప్పగించవచ్చు.

పెళ్ళయిన మూడో సంవత్సరంలో నాకు నాయుడుపేటలో కాన్పు అయింది. ఆడపిల్ల. ఒక్క రోజు బతికింది. ఇంటికి వచ్చాక నేను గోడ వైపు తిరిగి పడుకునేదాన్ని. ఇంకా చిన్నదానివి, మళ్ళీ పుడతారు అని అందరూ చెప్పారు. టీచరు వచ్చి ఆ మాట అనలేదు. మంచం పట్టె మీద కూర్చుని, పాపని నీకు చూపించినారా అని అడిగారు. చూపించారన్నాను. "మంచిది" అన్నారు. ఆ తర్వాత, "నాకూ ఒక కూతురు పోయిందమ్మా. ఉంటే నీకంటే కొంచెం పెద్దది" అన్నారు. అన్నేళ్ళ పరిచయంలో ఆమె తన గురించి చెప్పిన మాట అదొక్కటే. నేను గోడ వైపునుంచి ఇటు తిరిగాను. ఆ రోజు నుంచి మా మధ్య ఉన్న చనువు ఆ మాట మీదనే నిలబడింది. ఆమె మళ్ళీ ఎప్పుడూ ఆ కూతురి ఊసెత్తలేదు, నేనూ అడగలేదు. తర్వాత నాకు బాబు పుట్టాడు. ఎవరు అడిగినా ఒక్క కొడుకు అని చెప్పడం అలవాటయింది.

ఆమె పోయాక పాస్టరు గారు నన్ను పిలిచి, టీచరు జీవిత చరిత్ర చెప్పాల్సింది నువ్వే అన్నారు. కావలి నుంచి ఆమె చెల్లెలు వసంతమ్మ గారు వచ్చి ఆ ఇంట్లోనే దిగారు. టీచరుకి మిగిలిన రక్తసంబంధం ఆమె ఒక్కతే. నేను వెళ్ళి కూర్చుని, అవీ ఇవీ మాట్లాడి, చిన్నప్పుడే పోయిన కూతురి పేరేమిటని అడిగాను. వసంతమ్మ గారు నా మొహం వైపు చూశారు.

"కూతురేంది? అక్కకి పిల్లలే పుట్టలేదు."

నాతో ఆమే చెప్పారన్నాను. వసంతమ్మ గారు తల అడ్డంగా ఊపారు. అక్క ఒక మాట అటూ ఇటూ చెప్పే మనిషి కాదని, నేనే ఏదో పొరబడి ఉంటానని అన్నారు. పైగా లేని బిడ్డని సంఘం ముందు పుట్టిస్తే, ఊళ్ళో అందరి గురించీ సరిగ్గా చెప్పినామె తన గురించి మాత్రం అబద్ధం చెప్పుకుందని నవ్వుతారు, అక్క పరువు తియ్యొద్దు అన్నారు. కోపంగా అనలేదు, బతిమాలుతున్నట్టు అన్నారు. నేను ఇంటికి వచ్చేశాను. ఆ బిడ్డని చెప్పకుండా వదిలేస్తే టీచరు నాకు ఇచ్చినదాన్నే నేను లేదన్నట్టు. చెబితే ఆమె మాటకున్న విలువ పోతుంది. కూడిక మర్నాడే.

ఏం చెయ్యాలో తోచక ఆమె చేసే పనే చేశాను. టీచరుతో పడని మనిషి ఊళ్ళో ఒక్కరే, ఆమెకి అటు పక్క ఇంట్లో ఉండే నాగరత్నమ్మక్క. వరి పండించుకునే కుటుంబం. ఒకప్పుడు ఇద్దరూ చాలా స్నేహంగా ఉండేవారు. టీచరు మునగచెట్టు కొమ్మలు గోడ దాటి వాళ్ళ దొడ్లో పడుతున్నాయని గొడవ వచ్చిందని, అప్పటినుంచి మాటలు లేవని వీధి అంతా చెప్పుకునేవాళ్ళం. నేను వెళ్ళేసరికి ఆమె చేటలో బియ్యం చెరుగుతోంది. మునగచెట్టు గురించి అడిగితే చెరగడం ఆపింది.

"మునగచెట్టా? ఎవురు చెప్పినారు నీకు?"

తర్వాత ఆమె చెప్పింది ఇది. నాగరత్నమ్మక్క మొదటి బిడ్డ మగపిల్లవాడు, చంటితనంలోనే పోయాడు. అప్పుడు నేను బడికి వెళ్ళే పిల్లని. ఆమె అన్నం ముట్టకుండా పడి ఉంటే టీచరు వచ్చి పక్కన కూర్చుని, నాకూ ఒక కొడుకు పోయినాడు నాగరత్నం అన్నారట. ఆ మాటకి లేచి తిన్నదట. ఎన్నో ఏళ్ళ తర్వాత నా పాప పోయినప్పుడు, టీచరుకీ ఒక కూతురు పోయిందని మా అమ్మ నాగరత్నమ్మక్కతో చెప్పింది.

"పోయి అడిగినా. కొడుకా కూతురా, యాది నిజం టీచరమ్మా అని. ఉలకలా పలకలా. తలకాయ దించుకుని నిలబడింది. నా ఏడుపు ఆపేదానికి ఒక బిడ్డని కల్పిచ్చిందే అని ఒళ్ళు మండింది. ఇంక మాట్లాడలా." చేటని పక్కన పెట్టింది. "అయినా సునీతా, ఆ పొద్దు ఆ మాటకే నేను అన్నం తింటి. అది మటుకు అబద్ధం గాదు."

దారిలో నాకు టీచరు మీద కోపం వచ్చింది. ఎవరికి ఏ బిడ్డ పోతే ఆ బిడ్డని పోగొట్టుకున్న మనిషా ఈమె అనుకున్నాను. వాకిలి దాకా వచ్చాక కాళ్ళు ఆగాయి. వసంతమ్మ గారిని నేను అడిగిన తీరు గుర్తొచ్చింది. ఆమె తేల్చుకున్నదాన్ని అడిగాను, చూసినదాన్ని అడగలేదు. మళ్ళీ ఆ ఇంటికే వెళ్ళాను. ఈసారి పిల్లల మాట ఎత్తకుండా, మీ అక్కని ఎప్పుడైనా ఆస్పత్రికి తీసుకెళ్ళడం మీరు చూశారా అన్నాను.

వసంతమ్మ గారు వెంటనే, "ఒకసారి పోయినారు. ఎద్దుల బండి కట్టి. నేనప్పుడు లంగా ఓణీ కూడా వెయ్యని పిల్లని" అన్నారు. చెబుతూ చెబుతూ నెమ్మదించారు. అక్క కడుపు పెద్దగా ఉండిందని, తిరిగి వచ్చేటప్పుడు బండిలో పడుకుని వచ్చిందని, చేతులు ఖాళీ అని. ఇంట్లో పెద్దవాళ్ళు దాని గురించి మాట్లాడొద్దన్నారు. ఏడవని బిడ్డని మా ఇళ్ళల్లో పుట్టినట్టు ఎంచరు. పేరు ఉండదు, కూడిక ఉండదు. మగవాళ్ళే తీసుకెళ్ళి పూడ్చి వస్తారు. తల్లికి చూపిస్తే మనసులో నిలిచిపోతుందని చూపించరు.

"ఆడబిడ్డా, మగబిడ్డా?" అని అడిగాను.

"అక్క కూడా అదే అడిగింది, మా అమ్మని. తెలిసి ఏం చేస్తావులే అనింది మా అమ్మ." వసంతమ్మ గారు కొంగుతో మొహం తుడుచుకున్నారు. "నేను ఇన్నాళ్ళూ పిల్లలు పుట్టలేదనే చెప్తా వచ్చినాను. ఇంట్లో అట్టనే చెప్పుకున్నారమ్మా."

పాపని నీకు చూపించినారా అని నా మంచం పట్టె మీద కూర్చుని ఆమె ఎందుకు అడిగారో నాకు అప్పుడు అర్థమైంది.

మర్నాడు సాయంత్రం కూడికలో నేను చెప్పాను. ఆమె బడి గురించి, మోకాళ్ళ నొప్పి గురించి చెప్పి, ఆమెకి ఒక బిడ్డ అని చెప్పాను. ఇది చూసింది ఆమె చెల్లెలు అని, బండినీ ఖాళీ చేతుల్నీ చూసిందని, బిడ్డని ఎవరూ ఆమెకి చూపించలేదని చెప్పాను. నాగరత్నమ్మక్క వచ్చి గేటు దగ్గర నిలబడి ఉంది. "ఆ బిడ్డ కొడుకని ఒకరికి చెప్పారు, కూతురని నాకు చెప్పారు. ఏదో ఆమెకే తెలియదు. తెలియనిది చెప్పారు కాబట్టి దీన్ని నిజమని నేను అనను. తనకు తెలిసినదానికంటే ఆమె ఎక్కువ చెప్పింది, నాకు తెలిసి, ఈ రెండుసార్లే" అన్నాను. బిడ్డ ఉందన్న మాట మాత్రం ఆమె ఇద్దరి దగ్గరా మార్చలేదని కూడా అన్నాను. నాగరత్నమ్మక్క అడిగినప్పుడు ఆమె ఎందుకు మాట్లాడలేకపోయారో నాకు తెలియదని చెప్పి కూర్చున్నాను. నా గొంతు బాగా లేదు. వెనక వరుసలవాళ్ళకి సగం వినిపించలేదని తర్వాత చెప్పారు.

టీ ఇచ్చేటప్పుడు వసంతమ్మ గారు నా పక్కకి వచ్చి కూర్చున్నారు. నాగరత్నమ్మక్క లోపలికి వచ్చి, టీచరు ఫోటో ముందు నిలబడి, అచ్చం గోడ మీదుగా మాట్లాడినట్టే మాట్లాడింది. "బిడ్డని నాకు చూపీలేదు అని ఒక మాట అనుంటే సరిపొయ్యేది గదా టీచరమ్మా. ఇన్నేళ్ళు నీ చెట్టు మునక్కాయలు కూడా ముట్టుకోలేదు నేను." పక్కనున్నవాళ్ళు కొందరు నవ్వారు. ఆమె నవ్వలేదు. కళ్ళు తుడుచుకుని, వసంతమ్మ గారి చేతిలోంచి టీ గ్లాసు తీసుకుంది.

ఆమె చేసింది ఒప్పా తప్పా అని నేను ఇంకా ఆలోచిస్తూనే ఉన్నాను. నా దుఃఖం తీరడానికి ఆమె తన బిడ్డని నా పాపలాగా మార్చి ఇచ్చారు. అందులో ఆమెకి కూడా ఏదో దక్కి ఉండవచ్చు. ఆ కాసేపైనా ఆ బిడ్డకి ఒక రూపం వచ్చి ఉంటుంది. ఇది నా ఊహ. ఆమె ఉంటే, అక్కడ నువ్వు లేవు కదా అని ఉండేవారు.

పోయిన వారం నాయుడుపేటలో ఒక పెళ్ళికి వెళ్ళాం. భోజనాల దగ్గర నా పక్కన కూర్చున్నామె పెళ్ళికొడుకు తరఫు మనిషి, మమ్మల్ని ఎరగదు. మాటల్లో, పిల్లలెంతమందమ్మా అని అడిగింది.

"ఇద్దరు" అన్నాను.

అటుపక్క కూర్చున్న నా భర్త తింటున్నవాడు ఆగి నా వైపు చూశాడు. ఏం చదువుతున్నారని ఆమె అడిగింది. చిన్నవాడు ఇంటరు చదువుతున్నాడని చెప్పాను. అక్కడితో నా మాట ఆగిపోయింది. ఆమె తర్వాతి మాట కోసం ఎదురుచూస్తోంది. అప్పుడు ఆయన నా మీదుగా కొంచెం ముందుకి వంగి ఆమెతో అన్నాడు.

"పెద్దది ఆడపిల్లమ్మా. పుట్టిన మర్నాడే పోయింది. వాళ్ళమ్మ పోలికే."